గణితంలో ప్రశ్న అడగడం ఎలా? లెక్క ఆగిన చోటు నుంచి జవాబు దాకా

"సార్, ఈ లెక్క రావట్లేదు, కొంచెం చెప్పండి ప్లీజ్." కింద గైడులో ఒక పేజీ ఫోటో, ఒక లెక్క చుట్టూ పెన్నుతో గీసిన సున్నా. లెక్కలు బాగా వచ్చినవాళ్ల ఫోన్లకు వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇలాగే ఉంటాయి. చెప్పే మనిషికి ఓపిక ఉంటే పది స్టెప్పుల సాధన మొత్తం రాసి పంపిస్తారు. అడిగిన పిల్లవాడికి అందులో తొమ్మిది స్టెప్పులు ముందే తెలుసు. తెలియని ఆ ఒక్క స్టెప్పు దగ్గర మాత్రం "కాబట్టి" అని రాసి ఉంటుంది. ఇద్దరూ కష్టపడ్డారు, డౌటు మాత్రం అక్కడే ఉంది.

ఆ ఒక్క స్టెప్పు బయటికి కనిపించేలా ప్రశ్న రాయడం నేర్చుకోవాలి. ఎదురుగా కూర్చున్న లెక్చరర్‌ని అడిగితే, ఆయన మన నోట్‌బుక్ చూసి, రెండు మాటలు అడిగి, ఎక్కడ ఆగామో పట్టేస్తారు. మనల్ని ఎరగని మనిషికి రాసి అడిగేటప్పుడు ఆ వీలు లేదు. నోట్‌బుక్‌లో ఉన్నదీ, మనసులో తిరుగుతున్నదీ ప్రశ్నలోకే రావాలి. ఇంటర్ ఎంపీసీ చదివేవాళ్లకైనా, డిగ్రీ వాళ్లకైనా, ఉద్యోగం చేస్తూ సొంతంగా గణితం చదువుకునేవాళ్లకైనా పద్ధతి ఒకటే.

1. లెక్కను ఒక్క షరతు కూడా వదలకుండా దించండి

"x + 1/x ≥ 2 అని నిరూపించండి" అని ఒకరు అడిగారనుకోండి. x = −1 వేసి చూడండి. ఎడమవైపు −2 వస్తుంది. అంటే అడిగిన మాటే తప్పు. పుస్తకం తీస్తే "x ధన వాస్తవ సంఖ్య అయితే" అని ముందు ఒక ముక్క ఉంటుంది. లెక్క దించేటప్పుడు అది ముఖ్యం కాదనిపించి వదిలేశారు. నిజానికి నిరూపణ మొత్తం ఆ ముక్క మీదే నిలబడింది: (x − 1)² ≥ 0 నుంచి x² + 1 ≥ 2x వస్తుంది, దాన్ని x తో భాగించాలంటే x ధనాత్మకం కావాలి.

అందుకే మాటలు మార్చకుండా దించండి. n పూర్ణాంకమా, వాస్తవ సంఖ్యా? ప్రమేయం అవిచ్ఛిన్నమని ఇచ్చారా, అవకలనీయమని ఇచ్చారా? త్రిభుజం ఏదైనా సరేనా, లంబకోణ త్రిభుజమా? లెక్క అధ్యాయం చివరి అభ్యాసంలోది అయితే, ఆ అధ్యాయం మొదట్లో "ఇకపై అన్ని మాత్రికలూ చతురస్ర మాత్రికలే" లాంటి వాక్యం ఉందేమో వెనక్కి తిప్పి చూడండి. అలాంటి షరతు లెక్కలో మళ్లీ రాయరు.

ఫోటో పంపొచ్చా? బొమ్మ ఉన్న జ్యామితి లెక్కకు ఫోటో తప్పనిసరే. మిగతావాటికి మాత్రం చేత్తో టైప్ చేయమనే నేను చెబుతాను. టైప్ చేస్తుంటే ప్రతి గుర్తూ మన కళ్ల ముందు నుంచి వెళ్తుంది. వదిలేసిన షరతు చాలాసార్లు అప్పుడే కనిపిస్తుంది.

2. గుర్తులకూ పదాలకూ మీ అర్థం చెప్పండి

గణితంలో అన్నిటికీ ఒకటే అర్థం ఉంటుందని అనుకుంటాం. ఉండదు. మన స్కూలు పుస్తకాల్లో సహజ సంఖ్యలు 1 నుంచి మొదలవుతాయి. తర్కం, సమితి సిద్ధాంతం పుస్తకాలు చాలావరకు 0 నుంచి మొదలుపెడతాయి. లాగ్ అని రాస్తే ఇంజనీరింగ్ పుస్తకంలో ఆధారం 10 కావచ్చు, ఉన్నత గణితంలో e కావచ్చు, కంప్యూటర్ సైన్స్‌లో 2 కావచ్చు. సైన్ మీద −1 ఘాతం పెడితే అది విలోమ ప్రమేయమే గాని 1 బై సైన్ కాదు. ఇవన్నీ ఒక్క వాక్యంతో తేలిపోతాయి: "ఇక్కడ లాగ్ అంటే ఆధారం e."

సంభావ్యతలో ఇది ఇంకా కీలకం. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జోసెఫ్ బెర్ట్రాండ్ 1889లో ఒక ప్రశ్న ముందు పెట్టాడు. ఒక వృత్తంలో యాదృచ్ఛికంగా ఒక జ్యా (వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీత) గీస్తే, అది ఆ వృత్తంలో అంతర్లిఖించిన సమబాహు త్రిభుజం భుజం కంటే పొడవుగా ఉండే సంభావ్యత ఎంత? వృత్తం మీద రెండు చివరి బిందువులను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే 1/3. వ్యాసార్ధం మీద ఒక బిందువును ఎంచుకుని దానిగుండా లంబంగా జ్యా గీస్తే 1/2. వృత్తం లోపల ఎక్కడైనా ఒక బిందువును ఎంచుకుని దాన్ని జ్యాకి మధ్యబిందువు చేస్తే 1/4. మూడు లెక్కల్లోనూ తప్పు లేదు. "యాదృచ్ఛికంగా" అన్న మాటకు అర్థం చెప్పకపోవడమే లోపం. "రాండమ్‌గా ఒక సంఖ్య తీసుకుంటే" అని మొదలయ్యే ప్రశ్నలన్నిటిలోనూ ఈ ప్రమాదం ఉంది. ఏ సమితి నుంచి, ఏ సంభావ్యతతో తీస్తున్నారో రాయండి.

మూడు చుక్కలు కూడా ఇలాంటివే. శ్రీనివాస రామానుజన్ 1911లో ఇండియన్ మేథమెటికల్ సొసైటీ జర్నల్‌లో 289వ ప్రశ్నగా దీని విలువ కనుక్కోమని అడిగారు:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …))))

ఆరు నెలల్లో మూడు సంచికలు వచ్చినా ఎవరూ సాధన పంపలేదు. చివరికి ఆయనే ఇచ్చారు. జవాబు 3. దారి చూడండి: 3 = √(1 + 2·4), ఆ 4 = √(1 + 3·5), ఆ 5 = √(1 + 4·6), ఇలా పోతూనే ఉంటుంది. చూడముచ్చటగా ఉంది కదా! కానీ ఇదే ఆటను 4 తో ఆడినా ఆగదు. 4 = √(1 + 2·7.5). ఆ 7.5 ని మళ్లీ √(1 + 3·…) రూపంలో రాయొచ్చు, లోపల ఏదో ఒక భిన్నం వస్తుంది, అంతే. అప్పుడు అదే వర్గమూలాల గొలుసు విలువ 4 అనాలా? కాదు. చుక్కలకు అర్థం ఏమిటంటే, గొలుసును ఒక చోట తెంచి లెక్కగట్టి, ఆ తెంచే చోటును దూరం జరుపుకుంటూ పోతే వచ్చే అవధి (లిమిట్). అలా చేస్తే 1, 1.732, 2.236, 2.560… అని 3 వైపే వెళ్తుంది. "అనంతంగా" అన్న మాట మీ ప్రశ్నలో ఎక్కడ ఉన్నా, అది దేని అవధి అని మిమ్మల్ని మీరు ఒకసారి అడగండి. అనంత శ్రేణుల గురించి వచ్చే డౌట్లలో చాలా భాగం ఆ ఒక్క ప్రశ్నతోనే విడిపోతాయి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఒక మాట. భాష గురించి సంకోచపడి ప్రశ్న మానుకోవద్దు. అవకలజం, నిర్ధారకం, అతిపరావలయం అని రాసి పక్కనే డెరివేటివ్, డిటర్మినెంట్, హైపర్‌బోలా అని కూడా రాస్తే చాలు, ఏ మీడియంలో చదివినవాళ్లయినా జవాబు చెప్పగలరు.

3. టైప్ చేసేటప్పుడు బ్రాకెట్లు

1/2x అంటే x లో సగమా, 2x కింద 1 ఆ? చేత్తో రాసినప్పుడు గీత పొడవే చెబుతుంది. టైప్ చేస్తే ఆ గీత ఉండదు. (1/2)x లేదా 1/(2x) అని రాయండి. √x + 7 అని రాస్తే 7 మూలం లోపలా బయటా తెలియదు, √(x + 7) అంటే తెలుస్తుంది. ఘాతాలకూ అంతే: 2^n+1 వద్దు, 2^(n+1) కావాలి. ఎక్కువగా గణితం రాసేవాళ్లు లేటెక్ నేర్చుకుంటే మంచిది. డోనాల్డ్ కనూత్ తయారు చేసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టిన వ్యవస్థ అది. గణిత పరిశోధన పత్రాలు ఇప్పటికీ చాలావరకు దాంట్లోనే రాస్తారు. భిన్నం, మూలం, ఘాతం, సమాకలని (ఇంటిగ్రల్), ఈ నాలుగూ రాయడం ఒక పూటలో వచ్చేస్తుంది. అప్పటిదాకా బ్రాకెట్లు చాలు.

4. అడిగే ముందు మీరు చేయగలిగినవి

చిన్న విలువలు వేసి చూడండి. n గురించిన లెక్క అయితే n = 1, 2, 3 కు ఏమవుతుందో కాగితం మీద వేయండి. లెక్క ఏం అడుగుతోందో అసలు అర్థం కాని స్థితి నుంచి బయటపడటానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పది వస్తువులతో క్రమచయాల లెక్క తల తిప్పేస్తుంటే, మూడు వస్తువులతో అన్నీ రాసి లెక్కపెట్టండి. మీ సూత్రం ఇచ్చిన సంఖ్యా, లెక్కపెట్టిన సంఖ్యా కలవకపోతే సూత్రం ఎక్కడ తప్పుతోందో ఆ చిన్న పట్టికే చూపిస్తుంది. ప్రశ్నలో ఆ పట్టిక కూడా పెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చిన్న విలువలకు నిజమైందని ఎప్పటికీ నిజమవుతుందని అనుకోకూడదు. ఆయిలర్ పేరుతో చెప్పుకునే n² + n + 41 ప్రసిద్ధమైన ఉదాహరణ. n = 0 నుంచి 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. n = 40 కి 1681 వస్తుంది, అది 41 × 41. కాబట్టి "ఇది ఎప్పుడూ నిజమేనా?" అని అడిగేటప్పుడు "n = 20 దాకా చూశాను, నిజమైంది, నిరూపణ తెలియదు" అని రాయండి. చూసిందేదో, నమ్ముతున్నదేదో విడివిడిగా కనిపించాలి.

మీ జవాబు కీతో కలవకపోతే, ముందు రెండు జవాబులనూ అసలు లెక్కలో వేసి చూడండి. మెటీరియల్‌లో అచ్చుతప్పులు సర్వసాధారణం. సమాకలనంలో అయితే రెండు జవాబుల మధ్య తేడా ఒక స్థిరాంకం మాత్రమేమో చూడండి. 2 సైన్ x కాస్ x ని సమాకలనం చేస్తే ఒకరికి సైన్² x, ఇంకొకరికి −కాస్² x వస్తాయి. తేడా 1. రెండూ సరైనవే. ఈ డౌటు ప్రతి ఏటా ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు టెన్షన్ పెడుతూనే ఉంటుంది. గ్రాఫ్ గీస్తే తెలిసిపోయేది ఉంటే జియోజీబ్రాలో గానీ డెస్మాస్‌లో గానీ గీసి చూడండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

5. ఎక్కడ ఆగారో చూపించండి

మిగతా మెట్లన్నీ దీనికి సాయం చేసేవే. ఒకే డౌటును రెండు రకాలుగా అడిగి చూద్దాం. మొదటిది:

"√(x + 7) = x − 5 సాధించండి. నాకు రెండు జవాబులు వచ్చాయి, కీలో ఒకటే ఉంది. ఏది కరెక్ట్?"

దీనికి వచ్చే జవాబు "9 కరెక్ట్, 2 కాదు." అంతే. అడిగిన దానికి సరిగ్గానే చెప్పారు. కానీ రేపు ఇలాంటిదే ఇంకో లెక్క వస్తే మళ్లీ ఇక్కడే ఆగుతారు. రెండోది:

"√(x + 7) = x − 5 ని సాధించాలి, x వాస్తవ సంఖ్య. రెండు వైపులా వర్గం చేస్తే x + 7 = x² − 10x + 25. అంటే x² − 11x + 18 = 0, (x − 9)(x − 2) = 0, కాబట్టి x = 9 లేదా 2. x = 9 వేస్తే రెండు వైపులా 4 వస్తోంది. x = 2 వేస్తే ఎడమవైపు 3, కుడివైపు −3. కాబట్టి 2 పనికిరాదని అర్థమైంది. నా డౌటు ఇది: నేను వేసిన స్టెప్పులన్నీ సరైనవే అనిపిస్తున్నాయి. మరి అసలు సమీకరణంలో లేని 2 ఏ స్టెప్పు దగ్గర వచ్చి చేరింది? ప్రతిసారీ చివర్లో వేసి చూడటం తప్ప, ముందే తెలుసుకునే దారి ఉందా?"

చెప్పేవాళ్లు సూటిగా ఆ స్టెప్పు మీదికే వస్తారు. a = b అయితే a² = b² అవుతుంది. వెనక్కి రావాలంటే మాత్రం a² = b² నుంచి a = b గానీ a = −b గానీ వస్తుంది. వర్గం చేసిన క్షణంలోనే −√(x + 7) = x − 5 అనే ఇంకో సమీకరణం మూలాలు కూడా లోపలికి వచ్చేశాయి. 2 దానిది. ముందే తెలుసుకోవాలంటే, వర్గమూలం ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి x − 5 ≥ 0 అని మొదటే రాసుకోవాలి. x ≥ 5 అనగానే 2 పోతుంది. ఆరు వాక్యాల్లో చెప్పిన ఈ జవాబు అలాంటి లెక్కలన్నిటికీ పనికొస్తుంది. రెండో ప్రశ్న పొడవు ఎక్కువే, కానీ జవాబు చెప్పడం తేలిక.

ఇంకో సంగతి గమనించండి. రెండో ప్రశ్న రాస్తున్నప్పుడే "స్టెప్పులన్నీ సరైనవే" అన్న మాట దగ్గర చెయ్యి ఆగుతుంది. నిజంగా అన్నీ సరైనవేనా, ప్రతి స్టెప్పు నుంచీ వెనక్కి రాగలనా అని చూసుకునేవాళ్లకు జవాబు అక్కడే దొరుకుతుంది. ఇలా ప్రశ్న పూర్తిగా రాశాక పంపాల్సిన అవసరమే లేకపోవడం చాలామందికి జరుగుతుంది. ఆ సమయం వృథా కాదు, చదువు అంటే ఆ పనే.

ఆగిపోవడంలో రకాలు ఉన్నాయి, ఏ రకమో చెబితే మంచిది. పుస్తకంలోని సాధనలో ఒక స్టెప్పు అర్థం కాకపోతే, దాని ముందు వాక్యమూ ఆ వాక్యమూ రెండూ దించి "దీని నుంచి ఇది ఎలా వచ్చింది?" అనండి. మీ సొంత నిరూపణ సరైనదో కాదో తెలుసుకోవాలనుకుంటే, మొత్తం చూడమనే బదులు మీకు అనుమానం ఉన్న స్టెప్పు చూపించండి. "ఇక్కడ a − b తో భాగించాను, అది సున్నా కాదని ఎక్కడా చెప్పలేదు, ఫర్వాలేదా?" అన్న ఒక్క వాక్యం చూసేవాళ్ల పని సగం తగ్గిస్తుంది. అసలు మొదలుపెట్టడమే తెలియకపోతే, అదే రాయండి. కానీ దానితో పాటు లెక్కలోని ముఖ్యమైన పదాల నిర్వచనాలు, వేసి చూసిన ఒక చిన్న ఉదాహరణ, ఇలాంటిదే మీకు వచ్చిన ఇంకో లెక్క, వీటిలో కనీసం రెండు పెట్టండి. ఏమీ తెలియదు అనుకున్నవాళ్లకు కూడా ఎంతో కొంత తెలిసే ఉంటుంది, చెప్పేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.

తప్పు పద్ధతిని చూపించడానికి సిగ్గుపడొద్దు. మీ తప్పు ఎక్కడుందో చూసినవాళ్లే దాన్ని సరిచేయగలరు.

6. అసలు లెక్క ఏమిటో చెప్పండి

డిగ్రీ పిల్లలు తరచూ అడిగేది: "e^(x²) సమాకలనం ఎలా చేయాలి?" దీనికి నిజాయితీ గల జవాబు నిరాశే. బహుపదులు, ఘాత, లాగ్, త్రికోణమితి ప్రమేయాల కలయికగా దాని సమాకలనిని రాయడం అసాధ్యం. 19వ శతాబ్దంలో జోసెఫ్ లియోవిల్ వేసిన పునాది మీద నిరూపణ అయిన సంగతి అది. అడిగినవాళ్లు అక్కడితో పుస్తకం మూసేస్తారు.

కానీ "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగితే తరచూ అసలు లెక్క ఇలా ఉంటుంది: y విలువ 0 నుంచి 1 దాకా, ప్రతి y కీ x విలువ y నుంచి 1 దాకా, e^(x²) ద్విసమాకలని కనుక్కోండి. ఇందులో ముందు x తో సమాకలనం చేయబోయి ఆగిపోయారు. ఆ ప్రాంతం బొమ్మ గీస్తే ఒక త్రిభుజం. క్రమం మార్చి, ప్రతి x కీ y ని 0 నుంచి x దాకా తీసుకుంటే లోపలి సమాకలని x·e^(x²) అవుతుంది. ఆ ముందున్న x వల్ల పని తేలికైపోతుంది, జవాబు (e − 1)/2, సుమారు 0.859. అడ్డం పడిన ముక్కను మాత్రమే అడిగినందుకు "కుదరదు" అన్న జవాబు వచ్చింది. మొత్తం చెప్పి ఉంటే మూడు వరుసల్లో లెక్క అయిపోయేది.

కాబట్టి ప్రశ్నలో రెండూ ఉండాలి: అసలు లెక్క, దాని మీద పని చేస్తూ మీరు ఆగిన ముక్క. మీరు ఎంచుకున్న దారే తప్పు కావచ్చు. ఆ అవకాశం చెప్పేవాళ్లకు ఇవ్వండి.

7. మీ స్థాయి, మీకు వాడడానికి అనుమతి ఉన్న పనిముట్లు

x సున్నాకు చేరువవుతుంటే (సైన్ x)/x అవధి 1 అని ఎలా నిరూపించాలి అని అడిగితే, సగం మంది లోపిటాల్ నియమం (0/0 రూపంలో పైనా కిందా విడివిడిగా అవకలనం చేసి అవధి కనుక్కునే పద్ధతి) వాడమంటారు. ఆ నియమం వాడాలంటే సైన్ అవకలజం కాస్ అని తెలియాలి. అది తెలియాలంటే ఈ అవధే కావాలి. తిరిగి తిరిగి మొదటికే వస్తాం. "లోపిటాల్ వాడకుండా, ఇంటర్ మొదటి సంవత్సరం సిలబస్‌లో" అని రాసి ఉంటే, వృత్తంలో వైశాల్యాలు పోల్చే నిరూపణ నేరుగా వచ్చేది. మీరు ఏం చదువుతున్నారు, ఏ సిద్ధాంతాలు వచ్చు, ఏవి వాడకూడదు అన్నవి ఒక్క వాక్యంలో చెప్పండి. పోటీ పరీక్ష బిట్ అయితే అదీ చెప్పండి. నిరూపణ కావాలా, నిమిషంన్నరలో జవాబు తేల్చే దారి కావాలా అన్నది వేరు వేరు ప్రశ్నలు.

"ఎందుకు" ప్రశ్నలకు ఇది మరీ అవసరం. "సున్నా ఫాక్టోరియల్ 1 ఎందుకు?" అంటే, ఖాళీ సమితిని అమర్చే పద్ధతులు ఎన్ని అన్న వివరణ కావాలా, n! = n·(n − 1)! లో n = 1 వేస్తే వచ్చేది చాలా, ఫాక్టోరియల్‌ను పూర్ణాంకాలు కాని సంఖ్యలకూ విస్తరించే గామా ప్రమేయం దాకా వెళ్లాలా? మీకు ఇప్పటికే తెలిసిన కారణం రాసి, అది ఎందుకు చాలలేదో చెప్పండి.

8. మొదటి వాక్యం, ఒక్క ప్రశ్న

చదివేవాళ్లు మొదటి వాక్యం చూసే ఆగాలా ముందుకు పోవాలా నిర్ణయించుకుంటారు. "డౌట్", "అర్జెంట్", "హెల్ప్ కావాలి" అన్నవాటిలో గణితం లేదు. "వర్గం చేసిన తర్వాత అదనపు మూలం ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నదాంట్లో ఉంది. ఒకసారికి ఒక్క ప్రశ్నే. ఐదు లెక్కలు కలిపి పంపితే తేలికైనదానికి మాత్రమే జవాబు వస్తుంది.

జరుగుతున్న పరీక్షలోని ప్రశ్న అడగొద్దు. ఇంటికిచ్చిన అసైన్‌మెంట్ అయితే దాచకండి, "అసైన్‌మెంట్, పూర్తి సాధన వద్దు, తర్వాతి స్టెప్పుకు హింట్ చాలు" అనండి. అలా రాసినవాళ్లకు జవాబు చెప్పడానికి అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువ ఇష్టపడతారు.

9. జవాబు వచ్చాక

వెంటనే "థాంక్యూ సార్, అర్థమైంది" అనకండి. కాగితం తీసుకుని, వచ్చిన జవాబు చూడకుండా లెక్క మొదటి నుంచి చేయండి. మళ్లీ ఆగితే, ఈసారి ఆగిన చోటు వేరే ఉంటుంది, దాన్ని రాయండి. "మూడో వరుసలో x తో భాగించారు, x సున్నా అయితే?" అన్న తదుపరి ప్రశ్నను చెప్పేవాళ్లు సంతోషంగా తీసుకుంటారు, ఎందుకంటే చదివారని తెలుస్తుంది. చెప్పింది తప్పనిపిస్తే పేరు చూసి వెనక్కి తగ్గొద్దు. మర్యాదగా, ఒక ప్రత్యుదాహరణతో అడగండి. గణితంలో ప్రొఫెసర్ మాటకైనా, పదో తరగతి పిల్ల మాటకైనా పరీక్ష ఒకటే.

జవాబు వచ్చిన తర్వాత ప్రశ్నను మార్చేయొద్దు. షరతు ఒకటి మర్చిపోయారని అప్పుడు గుర్తొస్తే, పాతది అలాగే ఉంచి కింద "x > 0 అని కూడా ఇచ్చారు, ముందు రాయలేదు" అని చేర్చండి. లేకపోతే కష్టపడి రాసిన జవాబు చూసేవాళ్లకు తప్పుగా కనిపిస్తుంది.

రెండు రోజులైనా ఎవరూ పలకకపోతే అదే ప్రశ్న మళ్లీ అంటించొద్దు. ఈ లోపు మీరు ఇంకేం వేసి చూశారో చేర్చండి. n = 4 కు ఏమైంది, ఏ దారి ఎందుకు కుదరలేదు, ఏ పుస్తకంలో దగ్గరి లెక్క దొరికింది. లెక్క మరీ పెద్దదైతే అందులోంచి ఒక చిన్న ముక్క విడదీసి, అసలుది కూడా కింద ఉంచి, ముందు ఆ ముక్కనే అడగండి.